పదకొండు నిమిషాలు

నా పని వినడం.
ట్రియెస్టే పోలీసు భవనం మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో
క్యాసెట్లలోని మాటల్ని కాగితం మీదికి దించుతాను.
దగ్గితే దగ్గు అని రాయాలి, ఏడిస్తే ఏడుపు అని.
ఎవరూ మాట్లాడకపోతే మౌనం అని రాసి
ఎంతసేపో పక్కన అంకె వేయాలి.
ఇరవై రెండేళ్ళలో ఒక్క అక్షరం కల్పించలేదు.
ఒక్కసారి మాత్రం తగ్గించాను.

ఆ ఫిబ్రవరిలో బోరా గాలి
ఐదు రోజులు ఊరిని మెడపట్టి ఊపింది.
ముసలివాళ్ళు పట్టుకు నడవడానికి
వీధి మూలల్లో తాళ్ళు కట్టారు.
పాత రేవు గోదాంలో ఫుల్వియా దొరికింది,
పందొమ్మిదేళ్ళ పిల్ల,
మణికట్ల మీద పడవవాళ్ళు వేసే ముడి.
ఇన్‌స్పెక్టర్ ఒండీనా క్రావోస్
మూడు రాత్రులు కోటు విప్పలేదు.
ఆమె పర్సులో ఒక ఫొటో ఉండేది.
అదే వయసు కూతురు,
ఇద్దరికీ మాటల్లేక రెండేళ్ళు.

స్తాంకో గ్రూదెన్‌ని పట్టుకొచ్చారు.
నబ్రేజినా రాతి క్వారీ మనిషి,
గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని తెల్లటి పొడి.
ఇటాలియన్లో అడిగితే స్లోవేనులో గొణిగేవాడు.
"ఆ రాత్రి ట్రామెక్కి కొండమీదికెళ్ళిపోయాను,
టికెట్టు ఇదిగో, జేబులోనే ఉంది,"
పద్నాలుగో క్యాసెట్టు, రెండో వైపు.
కాగితం మడత విప్పిన చప్పుడు.
తర్వాత పదకొండు నిమిషాలు.

అందులో ఏముందో ఇన్నాళ్ళకు చెప్తున్నాను.
కుర్చీ కాలు నేలను గీరడం.
చొక్కా గుండీ ఒకటి
దొర్లి, దొర్లి, ఎక్కడో ఆగడం.
ఒక మనిషి ఊపిరి మూతికి అడ్డంగా దేన్నో ఈదడం.
చివర్లో ఆమె, జోలపాడే గొంతుతో:
"మీ అమ్మ ఈ గాలిలో బయటే నించుంది స్తాంకో.
ఒప్పుకో. ఆమెను ఇంటికి పంపిస్తాను."

మౌనం, పదకొండు నిమిషాలు, అని కొట్టాను.
ఆ తర్వాతి ఒప్పుకోలుని
కామా కూడా పోకుండా కొట్టాను.
వారం తర్వాత క్రావోస్ నా బల్ల మీద
చెర్రీలు పోసిన చాక్లెట్ల డబ్బా పెట్టి వెళ్ళింది.
తిన్నాను. బాగానే ఉన్నాయి.

నాలుగో ఏడు వాడు జైలు నుంచి పెట్టెలో వచ్చాడు.
తల్లి యుస్తీనా మాత్రం
ప్రతి గురువారం పొద్దున్నే వచ్చి
మెట్ల కింది బెంచీ మీద కూచునేది.
ఎవర్నీ ఏమీ అడగదు.
మధ్యాహ్నం గంట కొట్టగానే
చేతిసంచీ సర్దుకుని బస్సుకెళ్ళిపోతుంది.
క్రావోస్ గురువారాలు వెనక మెట్లు వాడేది.
నేనూ అంతే.

నిన్న రేవులో ఇంకో పిల్ల.
అదే ముడి.

రాత్రి ఒంటిగంటకు తలుపు తోసుకొచ్చింది.
గ్రాప్పా వాసన, తడిసిన బూట్లు.
"పద్నాలుగు," అంది, అంతే.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదకొండు నిమిషాలూ విన్నది.
నేను ఆమె చేతుల్నే చూస్తూ ఉన్నాను.
ఒకటి రెండోదాన్ని పట్టుకుని
గోడ వైపు నడిపిస్తున్నట్టు ఉన్నాయి.

పర్సు తెరిచి, కూతురి ఫొటో వెనకనుంచి
ఒక కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టింది.
ట్రామ్ టికెట్టు.
రంగు పోయింది, ముద్ర పోలేదు:
తొమ్మిదీ యాభై రెండు.
అప్పటికి ఫుల్వియా ఇంకా
స్నేహితురాలి పెళ్ళిలో నవ్వుతూ ఉంది.

"వాడే అనుకున్నాను," అంది.
కాసేపాగి, "కాదు. వాడైతే బాగుండుననుకున్నాను."

కొత్త క్యాసెట్టు పెట్టి బటన్ నొక్కింది.
పేరు చెప్పింది, హోదా చెప్పింది, తారీఖు చెప్పింది.
ఆ తర్వాత నోరు పెగల్లేదు.
బయట తాళ్ళు గాలికి తీగల్లా మోగుతున్నాయి.

ఇది కూడా నేనే కొట్టాలి.
కాగితం ఎక్కించి, మొదటి వరసలో
ఆమె పేరు కొట్టాను,
దాని కింద నా పేరు.
మౌనం అన్న మాట దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

ఇంకో ఆరు గంటల్లో తెల్లారుతుంది.
గురువారం.